సెల్ టవర్ అంటే ఎందుకు భయం? బాబాయ్ అడిగిన ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే...



ఈసారి మిర్చి రేటు గురించో గులాబీ రంగు పురుగు గురించో రాయడం లేదు. కొంచెం పెద్ద పోస్టు. పొలం పని అయ్యాక, రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

సంగతేంటంటే, రెండు నెలల కిందట ఒక టవర్ కంపెనీ తాలూకు మనిషి మా ఊరొచ్చాడు. రోడ్డు పక్కన ఉన్న మా చేలో నాలుగు సెంట్లు అద్దెకి ఇమ్మన్నాడు. మా ఊళ్ళో సిగ్నల్ సంగతి మీలో చాలామందికి తెలుసు. పోయిన వానాకాలం ఒకాయన్ని పాము కరిస్తే, 108కి ఫోన్ చేయడానికి పక్కింటి డాబా ఎక్కి చెయ్యి పైకెత్తి నిలబడాల్సి వచ్చింది. అందుకని టవర్ వస్తే ఊరికి మంచిదే కదా అనుకున్నాను. అద్దె వస్తుందన్న ఆశ కూడా ఉంది, లేదని అబద్ధం చెప్పను.

సాయంత్రానికల్లా విషయం ఊరంతా పాకింది. మర్నాడు పొద్దున రచ్చబండ దగ్గర మా బాబాయ్ అందరి ముందూ అడిగాడు. "ఒరేయ్, మీ పిన్నిని కాన్సర్ తీసుకుపోయి రెండేళ్ళు కాలేదు. నీ అద్దె కోసం ఇంట్లో ఉన్న చిన్నపిల్లని కూడా దానికి అప్పజెప్పమంటావా?"

నా దగ్గర జవాబు లేదు. టవర్ వల్ల ఏమీ కాదని చెప్పడానికి నాకేం తెలుసు? అవుతుందని చెప్పడానికి ఆయనకేం తెలుసు? ఇద్దరం వాట్సాప్‌లో వచ్చిన వీడియోలు చూసినవాళ్ళమే. ఆ రోజు నుంచి బాబాయ్ నాతో మాట్లాడటం మానేశాడు. నేను చదవడం మొదలుపెట్టాను. అసలు ఈ భయం ఎక్కడ పుట్టింది, ఎవరు ఏం కొలిచారు, మన దేశంలో ఏం జరిగింది అని. నాకు అర్థమైనంత వరకు వరసగా చెబుతాను.

గాలిలో తరంగాలు కొత్తవి కావు

1865లో మాక్స్‌వెల్ అనే స్కాట్లాండ్ శాస్త్రవేత్త వెలుతురు, విద్యుత్తు, అయస్కాంతం మూడింటినీ ఒకే లెక్కలో కలిపాడు. కంటికి కనపడని తరంగాలు కూడా ఉండాలని ఆ లెక్క చెప్పింది. 1887లో జర్మనీలో హెర్ట్జ్ వాటిని ప్రయోగశాలలో పుట్టించి చూపించాడు. మన దేశంలో 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ గోడల్లోంచి ఈ తరంగాలు పంపించి అవతల గంట మోగించాడు, తుపాకీ మందు పేల్చాడు. ఆయన వాడినవి చాలా పొట్టి తరంగాలు, మిల్లీమీటర్లలో కొలిచేవి. ఇవాళ 5జీలో కొత్తగా వచ్చాయని జనం భయపడే మిల్లీమీటరు తరంగాల మీద ఆయన నూట ముప్పై ఏళ్ళ కిందటే పనిచేశాడు.

ఆ తర్వాత రేడియో వచ్చింది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరులో మొదలైంది. మన తాతలు, నాన్నలు దాంట్లోనే వ్యవసాయ కార్యక్రమాలు విన్నారు. తమిళనాడులో తంజావూరు రైతులైతే 1960ల్లో రేడియోలో విని వేసిన కొత్త వరి రకానికి 'రేడియో బియ్యం' అనే పేరే పెట్టేశారు. రేడియో కేంద్రాల ట్రాన్స్‌మిటర్లు కిలోవాట్లలో, పదుల కిలోవాట్లలో పనిచేసేవి. సెల్ టవర్ మీద ఒక్కో యాంటెన్నాకి పంపే పవర్ సాధారణంగా పదుల వాట్లలో ఉంటుంది. అంటే దాదాపు వెయ్యో వంతు. అయినా ఆ రోజుల్లో రేడియో స్తంభం చూసి ఎవరూ భయపడినట్టు పెద్దవాళ్ళెవరూ చెప్పరు.

"రేడియో కేంద్రం ఎక్కడో ఊరవతల ఉండేది, ఇది ఇంటి పక్కనే కదా" అంటారు మీరు. న్యాయమైన మాటే. దూరం సంగతికి మళ్ళీ వస్తాను.

భయం ఎక్కడ మొదలైంది

రెండో ప్రపంచయుద్ధంలో రాడార్లు వచ్చాయి. 1945 ప్రాంతంలో అమెరికాలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు రాడార్ గొట్టం దగ్గర నిలబడి ఉంటే జేబులో ఉన్న చాక్లెట్ కరిగిపోయింది. దాంట్లోంచే మైక్రోవేవ్ ఓవెన్ పుట్టింది. చాక్లెట్‌ని కరిగించేది మనిషి ఒంటిని ఏం చేస్తుందన్న ప్రశ్న కూడా అప్పుడే పుట్టింది.

తేలింది ఏంటంటే, ఈ తరంగాలు ఎక్కువ మోతాదులో పడితే ఒళ్ళు వేడెక్కుతుంది. కంటికి ప్రమాదం, కాలే ప్రమాదం ఉంటాయి. దీంట్లో ఎవరికీ అనుమానం లేదు. ఎక్స్‌రే, అణుధార్మికత వేరే జాతి. అవి మన ఒంట్లోని కణాల లోపల ఉండే అణువుల బంధాల్ని తెంపగలవు. రేడియో తరంగాలకి ఆ శక్తి లేదు. 'రేడియేషన్' అన్న మాట రెండింటికీ ఒకటే కావడంతో, మనం టవర్ అనగానే హిరోషిమాని గుర్తుచేసుకుంటాం. సగం గందరగోళం ఈ ఒక్క మాట దగ్గరే ఉంది.

మిగతా సగం దేశాల పోటీలోంచి వచ్చింది. అమెరికా ఒక చదరపు మీటరుకి 100 వాట్ల దాకా పర్వాలేదంది. సోవియట్ రష్యా 1958లో పెట్టుకున్న హద్దు అందులో వెయ్యో వంతు, 0.1 వాట్. అమెరికా వాళ్ళు ఒళ్ళు వేడెక్కడం ఒక్కటే లెక్క చూశారు. రష్యా వాళ్ళు తలనొప్పి, నీరసం లాంటివి కూడా లెక్కలోకి తీసుకున్నాం అన్నారు. ఇద్దరు పెద్దమనుషులు ఒకే పొలానికి రెండు కొలతలు చెబితే మనం ఎవర్ని నమ్ముతాం? ఆ అనుమానం అప్పటి నుంచి పోలేదు.

దానికి తోడు ఇంకోటి. 1953 నుంచి ఇరవై ఏళ్ళకు పైగా రష్యా వాళ్ళు మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయం మీదకి మైక్రోవేవ్ తరంగాలు వదిలారు. అమెరికా ప్రభుత్వానికి తెలిసి కూడా లోపల పనిచేసేవాళ్ళకి చాలాకాలం చెప్పలేదు. 1976లో అది బయటపడి పెద్ద గొడవైంది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ ఉద్యోగుల ఆరోగ్యాన్ని, వేరే దేశాల్లో పనిచేసిన ఉద్యోగులతో పోల్చి 1978లో నివేదిక ఇచ్చారు. తరంగాల వల్ల జబ్బులు వచ్చాయనడానికి గట్టి ఆధారం దొరకలేదన్నారు. కానీ అప్పటికే జనం మనసు విరిగింది. జబ్బు తేలకపోయినా దాచిపెట్టారన్నది నిజం కదా. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

తర్వాత 1993లో అమెరికాలోని ఫ్లోరిడాకి చెందిన ఒకాయన, తన భార్య మెదడు కణితితో చనిపోవడానికి సెల్‌ఫోనే కారణమని టీవీలో చెప్పాడు. దేశమంతా అట్టుడికింది. ఆధారం చాలదని కోర్టు 1995లో కేసు కొట్టేసింది. భయం మాత్రం సముద్రాలు దాటింది.

మన దేశానికి ఎలా వచ్చింది

1995 జులై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా నుంచి ఢిల్లీలో కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌కి చేసిన ఫోనే మన దేశంలో మొదటి సెల్ కాల్. అప్పుడు నిమిషానికి పదహారు రూపాయల దాకా పడేది, వచ్చే కాల్‌కి కూడా డబ్బులే. 2003లో ఇన్‌కమింగ్ ఉచితం అయ్యాక ఫోన్ మన చేతికొచ్చింది. ఫోన్లతో పాటే టవర్లు వచ్చాయి. మారుమూల పల్లెల్లో కేంద్రం సబ్సిడీతోనే ఏడు వేలకు పైగా టవర్లు వేశారు.

ఎంత రేడియేషన్ ఉండొచ్చన్న హద్దుని మన ప్రభుత్వం 2008లో పెట్టింది. సొంత లెక్క కాదు, ఐసీఎన్ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ సంఘం 1998లో చెప్పిన లెక్క. 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకి 4.5 వాట్లు. ఆ లోపు నగరాల్లో ఫిర్యాదులు పెరిగాయి. అపార్టుమెంటు మీద టవర్, ఎదురు ఫ్లాటులో కాన్సర్, ఇలాంటి వార్తలు. 2010లో కేంద్రం వివిధ శాఖల వాళ్ళతో ఒక కమిటీ వేసింది. 2011 జనవరిలో ఆ కమిటీ హద్దుని పదో వంతుకి తగ్గించమంది. 2012 సెప్టెంబరు 1 నుంచి 900 దగ్గర 0.45 వాట్, 1800 దగ్గర 0.9 వాట్ అయింది. అప్పటికి చాలా దేశాల కంటే మన హద్దు పదింతలు గట్టిది. ఇలాంటి అంకెలు మారుతూ ఉంటాయి కాబట్టి మీ ఊరి సంగతి చూసుకునేటప్పుడు తాజా హద్దు ఎంతో కనుక్కోండి.

కోర్టుల్లోనూ ఒకే మాట రాలేదు. రాజస్థాన్ హైకోర్టు 2012 నవంబరులో బడులు, ఆసుపత్రుల దగ్గర టవర్లు తీసేయమంది. కొన్ని వేరే హైకోర్టులు ఆధారం లేని భయంతో టవర్ ఆపలేమన్నాయి. 2017లో గ్వాలియర్‌లో ఇళ్ళలో పనిచేసుకునే ఒకాయన, పక్కింటి మీద టవర్ వల్లే తనకి కాన్సర్ వచ్చిందని సుప్రీంకోర్టుకి వెళ్తే, ఆ ఒక్క టవర్‌ని ఆపేయమని కోర్టు ఆదేశించింది. 2021లో సినిమా నటి జూహీ చావ్లా 5జీ ఆపాలని ఢిల్లీ హైకోర్టుకి వెళ్తే కోర్టు కేసు కొట్టేసి 20 లక్షల జరిమానా వేసింది, తర్వాత దాన్ని 2 లక్షలకి తగ్గించారు. మన వీడియోల్లో గ్వాలియర్ తీర్పు ఒక్కటే తిరుగుతుంది. మిగతావి ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

5జీ దగ్గర ఈ భయం ముదిరి పిచ్చి అయింది. 2020 ఏప్రిల్‌లో ఇంగ్లండులో కరోనా 5జీ వల్లే వస్తోందని నమ్మి జనం టవర్లు తగలబెట్టారు. 2021 మేలో మన దగ్గర కూడా అదే పుకారు లేస్తే, అసలు దేశంలో 5జీ పరీక్షలే ఇంకా మొదలు కాలేదని టెలికాం శాఖ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. మనకి 5జీ వచ్చింది 2022 అక్టోబరు 1న.

మరి కొలిచినవాళ్ళకి ఏం కనపడింది

బాబాయ్ అడిగింది చిన్నపిల్లల గురించి కాబట్టి ముందు అదే చెబుతా. బ్రిటన్‌లో నాలుగేళ్ళ లోపు పిల్లల్లో కాన్సర్ వచ్చిన 1,397 మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరికి నలుగురు చొప్పున 5,588 మంది మామూలు పిల్లల్ని తీసుకున్నారు. పుట్టినప్పుడు వాళ్ళ ఇల్లు టవర్‌కి ఎంత దూరం, ఆ టవర్ పవర్ ఎంత అని లెక్క కట్టారు. రెండు గుంపుల మధ్య తేడా కనపడలేదు. 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది ఇది.

ఫోన్ సంగతి ఇంకొంచెం చిక్కుగా ఉంది. 13 దేశాల్లో చేసిన 'ఇంటర్‌ఫోన్' పరిశీలన కూడా 2010లోనే వచ్చింది. మొత్తం మీద ఫోన్ వాడేవాళ్ళలో మెదడు కణితులు పెరగలేదు. కానీ అందరికంటే ఎక్కువగా, జీవితంలో 1,640 గంటలకు పైగా మాట్లాడామన్న పదో వంతు మందిలో ఒక రకం కణితి 40 శాతం ఎక్కువ కనపడింది. జబ్బు వచ్చినవాళ్ళు ఎన్ని గంటలు మాట్లాడామో గుర్తు తెచ్చుకుని చెప్పిన లెక్క అది, దాంట్లో పొరపాటు ఉండొచ్చని చేసినవాళ్ళే రాశారు.

దీన్ని పట్టుకునే 2011 మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాల్ని '2బి' జాబితాలో పెట్టింది. 'కాన్సర్ కారకం కావచ్చేమో, ఆధారం పూర్తిగా లేదు' అని దాని అర్థం. మన వీడియోల్లో 'ప్రపంచ ఆరోగ్య సంస్థే కాన్సర్ వస్తుందని చెప్పింది' అనేది ఈ మాటకే వంకర.

2018లో అమెరికా ప్రభుత్వ పరిశోధనలో రోజుకి తొమ్మిది గంటలు, రెండేళ్ళ పాటు ఒళ్ళంతా తరంగాలు పట్టించిన మగ ఎలుకల గుండెల్లో కణితులు వచ్చాయి. ఆడ ఎలుకల్లో ఆ స్పష్టత లేదు. తరంగాలు పడిన మగ ఎలుకలు పడనివాటి కంటే ఎక్కువ కాలం బతికాయి కూడా. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా 63 పరిశీలనల్ని కలిపి మళ్ళీ చూశారు. సెల్‌ఫోన్ వాడకానికి మెదడు కాన్సర్‌కి సంబంధం కనపడలేదన్నారు. ముప్పై ఏళ్ళలో ఫోన్లు కోట్లకి పెరిగినా ఆ కాన్సర్లు ఆ లెక్కన పెరగలేదు.

పిచ్చుకలు, తేనెటీగలు

మనలో చాలామంది టవర్ల వల్లే పిచ్చుకలు పోయాయంటారు. నేనూ అనేవాణ్ణి. దేశంలో వేలాది పక్షి పరిశీలకుల లెక్కలు కలిపి 2020లో 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' అని నివేదిక తెచ్చారు. పెద్ద నగరాల్లో పిచ్చుకలు తగ్గాయి గానీ, దేశం మొత్తం మీద పాతికేళ్ళుగా నిలకడగానే ఉన్నాయని తేలింది. నిజానికి మన ఇళ్ళే మారాయి. పెంకుటిల్లు పోయి స్లాబు వచ్చింది, గూడు పెట్టే చూరు లేదు. పిల్లలకి పెట్టడానికి పురుగులు లేవు, మనం మందు కొట్టేశాం.

తేనెటీగల కథ ఇంకా విచిత్రం. జర్మనీలో కొందరు తేనెపెట్టెల్లో ఇంట్లో వాడే కార్డ్‌లెస్ ఫోన్ తాలూకు స్టేషన్లు పెట్టి చిన్న ప్రయోగం చేశారు. 2007లో ఒక ఇంగ్లండు పత్రిక దాన్ని సెల్‌ఫోన్లే తేనెటీగల్ని చంపుతున్నాయని రాసింది. ఆ ప్రయోగంలో సెల్‌ఫోనే లేదు. వార్త మాత్రం ఇప్పటికీ తిరుగుతోంది.

దూరం, మోతాదు: మనకి తెలిసిన లెక్కే

పెట్రోమాక్స్ లైటు గుర్తుందా? పక్కనే కూర్చుంటే మొహం చుర్రుమనేది, నాలుగు అడుగులు వెనక్కి జరిగితే ఏమీ ఉండేది కాదు. ఇదీ అంతే. దూరం రెండింతలైతే మోతాదు నాలుగో వంతవుతుంది. యాంటెన్నా కూడా టార్చిలైటు లాగా అడ్డంగా, కాస్త కిందకి వంచి వేస్తుంది. అందుకే టవర్ మొదట్లో నిలబడినవాడికంటే, యాంటెన్నా ఎత్తులో ఎదురుగా మేడ ఉన్నవాడే జాగ్రత్తపడాలి. నిబంధనల్లో ఎదురింటికి కనీస దూరం 20 మీటర్ల దగ్గర మొదలై యాంటెన్నాలు పెరిగే కొద్దీ పెరిగేది అందుకే.

వేడి లెక్కే చూసుకుంటే, మిట్టమధ్యాహ్నం ఎండ మన మీద చదరపు మీటరుకి దాదాపు 1,000 వాట్లు పోస్తుంది. టవర్‌కి 2012లో పెట్టిన హద్దు 0.45. రెండూ ఒక రకం కాదు, నిజమే. కానీ ఒంటికి ఎక్కే వేడి ఎంతో తెలియడానికి ఈ పోలిక చాలు.

ఇంకో విచిత్రం చెప్పాలి. సిగ్నల్ సరిగా లేని చోట మన చేతిలో ఉన్న ఫోన్ టవర్‌ని అందుకోవడానికి పవర్ పెంచుకుంటుంది. మా ఊళ్ళో బ్యాటరీ సాయంత్రానికే అయిపోవడానికి అదొక కారణం. ఆ ఫోన్ ఉండేది చెవికి ఆనించి. అంటే టవర్ దూరమయ్యే కొద్దీ చేతిలోని ఫోన్ నుంచి తలకి పడేది పెరుగుతుంది. టవర్ వద్దన్న బాబాయ్ కూడా పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అదే ఫోన్లో గంట గంట మాట్లాడతాడు.

ఇప్పుడు మనకి నొప్పి పుట్టే మాట. 2బి జాబితాలో రేడియో తరంగాల పక్కనే ఇంకేం ఉన్నాయో చూశాను. మనం మొక్కజొన్నలో, వరిలో కొట్టే 2,4-డి గడ్డిమందు 2015లో అదే జాబితాలోకి వచ్చింది. దానికంటే ఒక మెట్టు పైన, '2ఎ' అంటే 'కారకం కావడానికే ఎక్కువ అవకాశం' అన్న జాబితాలో మలాథియాన్, గ్లైఫోసేట్ ఉన్నాయి. ఆ పై మెట్టులో, అనుమానమే లేని జాబితాలో పొగాకు, వక్క, సారా ఉన్నాయి.

టవర్ ఊరి చివర నిలబడి ఉంటే చూసి భయపడతాం. తైవాన్ పంపు వీపుకి తగిలించుకుని, మూతికి గుడ్డ కూడా లేకుండా, గాలికి ఎదురు నడుస్తూ మందు కొడతాం. ఆ చేతులతోనే బీడీ ముట్టిస్తాం. మా పిన్ని నలభై ఏళ్ళు ఆ చేలల్లోనే కూలీలకి ముందు నడిచింది. ఆమె జబ్బు మందుల వల్లే వచ్చిందని నేను అనడం లేదు. ఒక మనిషి కాన్సర్ ఫలానాదాని వల్ల వచ్చిందని చెప్పడం చాలాసార్లు డాక్టర్లకే కుదరదు. ఈ మాట బాబాయ్‌తో అనే ధైర్యం కూడా నాకు లేదు. ఇక్కడ రాస్తున్నాను, అంతే.

అయితే భయపడటం తప్పా?

కాదు. బాబాయ్ ఇంకో మాట కూడా అన్నాడు. "ఎండోసల్ఫాన్‌ని కూడా మంచి మందనే అమ్మారు కదరా." నిజం. కేరళలోని కాసరగోడ్‌లో 1970ల చివరి నుంచి రెండు దశాబ్దాలకు పైగా జీడిమామిడి తోటల మీద హెలికాప్టర్లతో కొట్టారు. అంగవైకల్యంతో పిల్లలు పుడుతున్నారని ఊళ్ళు మొత్తుకున్నా వినడానికి ఏళ్ళు పట్టింది. 2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతా దాన్ని ఆపింది. రేడియో తరంగాల్ని 2బిలో పెట్టింది కూడా అదే నెల చివర్లో. ఆ నెలలో పేపరు చదివిన మామూలు మనిషికి రెండూ ఒకటే అనిపిస్తే తప్పు పట్టగలమా?

తేడా ఒకటుంది. కాసరగోడ్‌లో జబ్బులు ముందు ఊళ్ళల్లో కళ్ళ ముందు కనపడ్డాయి, ఒప్పుకోవడమే ఆలస్యమైంది. టవర్ల విషయంలో ముప్పై ఏళ్ళుగా వెతుకుతున్నా అలాంటిది తేలలేదు. కానీ రెండింట్లోనూ జనం అడిగింది ఒకటే, ఎంత పడుతోందో ఎవరు కొలిచారు, మాకెందుకు చెప్పలేదు అని. మాస్కోలో ఉద్యోగుల మనసు విరిగింది కూడా అక్కడే. భయాన్ని చదువులేనితనం అని నవ్వేసే అధికారులు ఇది తెలుసుకోవాలి. కొలిచి కాగితం చేతిలో పెడితే సగం భయం పోతుంది.

ఆ కాగితం అడిగే హక్కు మనకి ఉంది. 2017 మేలో కేంద్రం 'తరంగ్ సంచార్' అనే పోర్టల్ తెచ్చింది. దాంట్లో మీ చుట్టుపక్కల టవర్లు ఏవి, నిబంధన ప్రకారం ఉన్నాయా లేదా చూసుకోవచ్చు. నమ్మకం కుదరకపోతే, మొదట్లో ప్రకటించిన ప్రకారం 4,000 రూపాయలు కట్టి దరఖాస్తు చేస్తే టెలికాం శాఖ వాళ్ళే వచ్చి కొలుస్తారు. కంపెనీలు తమ టవర్ హద్దులోనే ఉందని సొంతంగా ధ్రువీకరణ ఇస్తాయి, శాఖ ఏటా వాటిలో కొన్నింటినే తనిఖీ చేస్తుంది. కాబట్టి అడిగేవాడు ఉండాలి.

టవర్ వల్ల నిజంగా వచ్చే ఇబ్బందుల్ని రేడియేషన్ గోలలో మర్చిపోకండి. జనరేటర్ చప్పుడు, డీజిల్ పొగ, పిడుగులకి ఎర్తింగ్ సరిగా ఉందా, అగ్రిమెంట్‌లో ఎన్నేళ్ళు రాశారు, తీసేసేటప్పుడు పునాది ఎవరు తవ్వి పోస్తారు, ఇవన్నీ ముందే రాయించుకోవాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, మీ పొలంలో టవర్ వేస్తాం, లక్షల్లో అడ్వాన్స్ ఇస్తాం, ముందు పన్ను కింద ఇంత కట్టండి అని ఫోన్ వస్తే అది మోసం. ట్రాయ్ పేరుతో పంపే సర్టిఫికెట్లు దొంగవి. అడ్వాన్స్ ఇచ్చేవాడు మనల్ని డబ్బు అడగడు.

ఇక మా ఊరి సంగతి

పోయిన వారం గ్రామసభలో ఇదంతా చెప్పాను. రోడ్డు పక్క చేను ఇవ్వనన్నాను, అది బడికి ఎదురుగా ఉంది. రేడియేషన్ వల్ల కాదు, జనరేటర్ చప్పుడుకి పిల్లలకి పాఠం వినపడదు. చెరువు కట్ట అవతల మెరక చేలో అయితే ఇస్తానని కంపెనీ మనిషికి చెప్పాను. కొంచెం అద్దె తగ్గిస్తానన్నాడు, సరే అన్నాను. టవర్ మొదలైన నెల లోపు టెలికాం శాఖతో కొలిపించాలని, ఆ డబ్బు మొదటి నెల అద్దెలోంచి నేనే కట్టాలని, వచ్చిన అంకె సచివాలయం గోడ మీద అంటించాలని తీర్మానం రాశాం.

బాబాయ్ సభకి వచ్చాడు. చివరి బెంచీలో కూర్చున్నాడు, ఏమీ మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం నా దగ్గర ఆగి, "కొలిచే రోజు నాకు చెప్పు, నేనూ వచ్చి చూస్తా" అన్నాడు. రెండు నెలల తర్వాత ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట.

కొలిచాక ఆ అంకె ఎంతైనా సరే, ఇక్కడే రాస్తాను. హద్దు దాటితే అదీ రాస్తాను. ఈలోగా మీ ఊళ్ళో టవర్ ఉంటే పోర్టల్‌లో చూసి కింద కామెంట్లలో పెట్టండి. రేపు పొద్దున మందు కొట్టడానికి వెళ్ళేవాళ్ళు మూతికి గుడ్డ కట్టుకుని వెళ్ళండి.

ఉంటాను మరి.